వ్యాసానికి భాష బాగుంటే సరిపోతుందా?

"మా అమ్మాయి వ్యాసాలలో భాష ఎంతో బాగుంటుంది, అయినా మార్కులు మాత్రం రావడం లేదు, ఎందుకు?" అని అడిగారు. చాలా ఏళ్లుగా విద్యార్థుల వ్యాసాలు దిద్దుతున్నదానిగా నేను చెప్పగలిగేది ఇది: ఆ వ్యాసాలలో ఆమె ఏమంటున్నదో వెతకండి. చాలా సందర్భాలలో లోటు అక్కడే ఉంటుంది.

తరగతి గదిలో సెల్‌ఫోన్లను నిషేధించాలా అనే అంశం ఇచ్చినప్పుడు, ఒక విద్యార్థిని వ్యాసం "విజ్ఞాన ప్రపంచాన్ని అరచేతిలో నిలిపిన అద్భుత సాధనం" అంటూ మొదలై, రెండు పేజీలు ఎక్కడా తడబడకుండా సాగి, లాభమూ ఉంది, నష్టమూ ఉంది, వివేకంతో వాడుకోవాలి అన్నచోట ఆగింది. అందులో కాదనదగినది ఏదీ లేదు, కొత్తగా తెలిసినదీ లేదు. మరొక విద్యార్థి వాక్యాలకు అన్వయమే కుదరలేదు. కానీ అతడు తన తరగతిని గమనించాడు. ఫోను బయటికి తీసేది ముందే లెక్క పూర్తిచేసి ఖాళీగా కూర్చున్నవాళ్లు, మొదట్లోనే పాఠం అర్థంకాక వదిలేసినవాళ్లు. ఫోను లాక్కున్నంత మాత్రాన వారికి పని దొరకదు, వీరికి పాఠం అర్థంకాదు, కనుక నిషేధం అసలు సమస్యను తాకదు అని వాదించాడు. ఫోను చూసేవాడి పక్కన కూర్చున్నవాడి ఏకాగ్రత ఏమవుతుందో అతడు ఆలోచించలేదు కాబట్టి ఆ వాదనతో నేను పూర్తిగా ఏకీభవించను. అయినా ఎక్కువ మార్కులు అతనికే వేశాను. అతని వాక్యదోషాలను పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించగలిగాను. ఆమె వ్యాసంలో దిద్దడానికి తప్పు లేదు, బలపరచడానికి వాదన లేదు.

మాటల సొంపు ఆలోచనకు బదులు కాదనడానికి మంచి నిదర్శనం ఒకటుంది. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో పనిచేసిన లెస్ పెరెల్మన్ 2014లో కొందరు విద్యార్థులతో కలిసి బేబెల్ అనే ప్రోగ్రామును తయారుచేశారు. ఒకటి రెండు కీలక పదాలు ఇస్తే చాలు, అది వ్యాకరణ దోషాలు లేని, గంభీరమైన మాటలు నిండిన, అర్థం మాత్రం లేని వ్యాసాన్ని అల్లి ఇస్తుంది. కంప్యూటరుతో మార్కులు వేసే వ్యవస్థలు అలాంటి వ్యాసాలకు మంచి మార్కులే వేశాయి. శ్రద్ధగా చదివే మనిషి అలా మోసపోడు.

అయితే అందంగా రాయడం వేరు, స్పష్టంగా రాయడం వేరు. స్పష్టత లేకపోతే మంచి ఆలోచన కూడా చదువరికి చేరదు, కనుక దాన్ని నేను ఎన్నడూ తక్కువ చేయను. ఆంగ్ల భాషా సామర్థ్యాన్ని కొలవడానికే పెట్టిన ఐఎల్ట్స్ పరీక్షలో సైతం, 250 పదాలకు తగ్గకుండా రాయవలసిన రెండవ వ్యాసానికి ఇచ్చే మార్కులలో పావువంతు, అడిగినదానికి ఎంత సూటిగా, ఎంత ఆధారంతో జవాబు చెప్పారన్నదానికే కేటాయించారు.

ఈసారి మీ అమ్మాయి కలం పట్టకముందు, తాను నమ్మేదేమిటో ఒక్క వాక్యంలో నోటితో చెప్పమనండి. దానితో విభేదించేవారు ఎవరైనా ఉంటారా అని అడగండి. ఎవరూ ఉండరనిపిస్తే ఆమె ఇంకా ఆలోచించవలసి ఉందన్నమాట. ఉంటారనిపిస్తే, వారికి ఏం జవాబు చెబుతుందో ముందు అది రాయమనండి. ఆ తొలి ప్రతిలో భాషను మాత్రం దిద్దకండి.