ఎంపీసీనా, బైపీసీనా, రెండూనా?

ప్రశ్న: మాది అనకాపల్లి. మా పాపకు పదో తరగతిలో 548 మార్కులు వచ్చాయి. వాళ్ల నాన్న ఎంపీసీ అంటున్నారు. నాకు బైపీసీ ఇష్టం. లెక్కలు, బయాలజీ రెండూ ఉండే ఎంబైపీసీలో చేరితే ఇంజినీరింగ్, మెడిసిన్ రెండు దారులూ ఉంటాయని ఒక కాలేజీ వాళ్లు చెబుతున్నారు. మూడింట్లో ఏది మంచిది? తప్పు గ్రూపులో చేర్పిస్తామేమో, రేపు మమ్మల్నే అంటుందేమో అని నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, పది ఫలితాలు వచ్చిన రోజు నుంచి ఇంటర్ కాలేజీలు తెరిచేదాకా ఏటా నేను వినేది ఈ మాటే. పైకి గ్రూపు గురించి అడుగుతారు. లోపల ఉన్న భయం వేరు: ఇప్పుడొక తలుపు మూసుకుపోతే ఇక తెరుచుకోదేమో అని. అందుకే ముందు ఆ తలుపుల సంగతే చూద్దాం.

లెక్కలు వదిలేస్తే ఇంజినీరింగ్‌లో దాదాపు అన్ని బ్రాంచీలు, నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) ద్వారా నేవీ, ఎయిర్‌ఫోర్స్ దూరమవుతాయి. బయాలజీ వదిలేస్తే ఎంబీబీఎస్, బీడీఎస్, వెటర్నరీ, బీఎస్సీ అగ్రికల్చర్ లాంటివి దూరమవుతాయి. బీఫార్మసీ, ఫార్మ్‌-డీ రెండు గ్రూపుల వాళ్లకూ ఉన్నాయి. సీఏ, లా అయితే ఏ గ్రూపు చదివారని కూడా అడగరు. మూసుకున్న తలుపులకూ గడియలు గట్టివేం కావు. ఇంటర్ పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా గుర్తింపు ఉన్న బోర్డులో రాసి పాసైన వాళ్లు కూడా నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులోనే చెప్పింది. ఒక ఏడాది ఆలస్యమవుతుంది, అంతే. దానికి మీరు ఇప్పటి నుంచే నిద్ర మానుకోనక్కర్లేదు.

ఇక ఎంబైపీసీ. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు దీన్ని 2025-26లో తెచ్చింది. బోటనీ, జువాలజీ కలిపి బయాలజీ ఒకే సబ్జెక్టు అయింది కాబట్టి వినడానికి తేలిగ్గానే ఉంటుంది. నాకు మాత్రం దీని మీద చాలా అనుమానాలున్నాయి. ఎంట్రన్సుల లెక్క చూడండి. నీట్‌లో 720 మార్కులకు బయాలజీ ఒక్కటే 360. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160కి లెక్కలు 80. అంటే రెండిటికీ ఉమ్మడిగా పనికొచ్చేది ఫిజిక్స్, కెమిస్ట్రీ, అంటే సగమే. ర్యాంకు తేల్చే మిగతా సగం పూర్తిగా వేరు. నీట్‌కు వెళ్లే పిల్ల ఆ సగాన్ని పదే పదే రివిజన్ చేసే టైములో మీ పాప మాథ్స్ లెక్కలు చేస్తూ ఉంటుంది. పైగా మన ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, కాబట్టి బోర్డు పరీక్షల్నీ తేలిగ్గా తీసుకోలేరు. లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ నిజంగా ఇష్టపడే పిల్లలు ఉంటారు. బయోటెక్నాలజీ వైపో, పరిశోధన వైపో వెళ్లాలనుకునే అలాంటి వాళ్లకు ఇది మంచి గ్రూపే. కానీ అమ్మానాన్నలకు రాజీ కుదరక పిల్లను రెండు పడవల్లో నిలబెట్టడానికి అయితే వద్దు. కాలేజీ వాళ్లు "రెండు దారులూ ఉంటాయి" అన్నప్పుడు, నడవాల్సిన కాళ్లు ఎవరివో మీరు అడిగి ఉండాల్సింది.

కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో ఆయన మాట ఉంది, మీ మాట ఉంది, కాలేజీ మాట కూడా ఉంది. పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. రేపు మిమ్మల్ని అంటుందేమోనని భయపడే బదులు ఇవాళ అడగొచ్చు కదా? "మీ ఇష్టం అమ్మా" అని ఊరుకుంటే అది ఒప్పుకోవడం కాదు. ఇంట్లో గొడవ వద్దని తగ్గడం.

మొన్న వేసవిలో ఒకాయన కూతుర్ని తీసుకొచ్చారు. నేను పిల్లను ఏది అడిగినా ఆయనే జవాబు చెప్పారు. బొమ్మలు బాగా వేస్తుంది కాబట్టి బైపీసీ అని తేల్చేశారు. ఆయన్ని కాసేపు టీ తాగి రమ్మన్నాను. ఆయన అటు వెళ్లగానే ఆ అమ్మాయి మెల్లగా, "బొమ్మలు వేయడం ఇష్టం సార్, కింద పేర్లు గుర్తుపెట్టుకోవడం ఇష్టం లేదు" అంది. ఒక లెక్క ఇచ్చాను. తప్పొచ్చింది. నేనేమీ అనకముందే రబ్బరు తీసి చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. నాన్న తిరిగొచ్చి పక్కన కూర్చున్నా తల ఎత్తలేదు. పదో తరగతి మార్కుల మెమోలో ఇది కనిపించదు.

మీరూ ఒక పని చేయండి. పక్కింట్లోనో, చుట్టాల్లోనో ఇంటర్ ఫస్టియర్ చదివిన పిల్లలు ఉంటారు. వాళ్ల దగ్గర మాథ్స్, బయాలజీ పుస్తకాలు తెచ్చి వారం రోజులు ఇంట్లో పెట్టండి. చదవమని చెప్పకండి, పరీక్ష పెట్టకండి. ఏ పుస్తకం తనంతట తాను తీస్తోందో, అర్థం కానప్పుడు దేన్ని మూసేస్తోందో, దేనితో కుస్తీ పడుతోందో గమనించండి. వాళ్ల నాన్నను కూడా గమనించమనండి. సీట్లు అయిపోతున్నాయని కాలేజీ నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆ వారం అడ్వాన్సు కట్టకండి. వారం అయ్యాక ఈసారి నాకు ఉత్తరం పాపనే రాయమనండి.