గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చేది తీపి ఎక్కువ తినడం వల్లేనా? ఇన్సులిన్ బిడ్డకు ప్రమాదమా?

రెండింటికీ నా జవాబు కాదనే. మా చెల్లెలికి ఏడో నెలలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తే రక్తంలో చక్కెర 140 దాటింది, అంటే షుగర్ ఉన్నట్టు. తిరుపతిలో మా ఇంటికొచ్చిన చుట్టాలంతా "నోరు కట్టుకోవాల్సింది" అన్నారు. కొండ మీంచి దిగి లడ్డూ చేతిలో పెట్టి తినమన్నది కూడా వాళ్ళే!

కారణం మాయలో, అంటే కడుపులో బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే ప్లాసెంటాలో ఉంది. నెలలు నిండేకొద్దీ మాయ నుంచి ప్లాసెంటల్ లాక్టోజెన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. బిడ్డకు గ్లూకోజ్ తగ్గకూడదని తల్లి ఒంట్లో రక్తంలోని చక్కెరను తగ్గించే ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. క్లోమం ఆ మేరకు ఇన్సులిన్ పెంచలేకపోతే షుగర్ వస్తుంది. బరువు, ఇంట్లో షుగర్ ఉండటం కూడా కలుస్తాయి, నిజమే. కానీ అది ఆ పిల్ల చేసిన నేరమా?

డాక్టరమ్మ ఇన్సులిన్ రాసింది. చెల్లెలి అత్తగారు "ఈ మందు బిడ్డకెక్కుతాది, వద్దు" అని ఆ ఇన్సులిన్ సూది పెన్నును ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దాచేశారు. నేను వెళ్ళి పక్కన కూర్చుని చెప్పాను. "అత్తా, ఇన్సులిన్ మాయ దాటదు, చక్కెర దాటుతుంది. అది ఎక్కువైతే బిడ్డ తనే ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసుకుని లావెక్కుతుంది. బొడ్డు కోశాక తల్లి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ ఆగదు. అప్పుడు బిడ్డకు చక్కెర పడిపోతుంది."

"అంటే సూది వేయకపోతేనే కష్టమా?" అని లేచి ఆవిడే పెన్ను తెచ్చిచ్చారు. ఇంత చిన్న మాట ఆస్పత్రిలో ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే ఆ గొడవే లేదు. చీటీ చేతికిచ్చి "నెక్స్ట్" అంటారు.

ఇంకోటి, రాగిసంగటి ఎంతైనా తినొచ్చని చెప్పేవాళ్ళను నమ్మకండి. అందులో బియ్యమూ ఉంటుంది. ఒక ముద్ద చాలు, పక్కన ఆకుకూర పప్పు ఎక్కువ పెట్టుకోండి.

పాప పుట్టాక మడమ గుచ్చి చక్కెర చూశారు, బాగుంది. మాయ పడ్డాక చెల్లెలికి ఇన్సులిన్ అవసరమే రాలేదు. తప్పెవరిదో చెప్పడానికి ఇంకేం రుజువు కావాలి?

అలాగని వదిలేయకండి. ఇలాంటివాళ్ళకు తర్వాత షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. ఆరో వారం టీకాకు బిడ్డను ఎలాగూ తీసుకెళ్తారు, ఆ రోజే పరగడుపున వెళ్ళి మీరూ గ్లూకోజ్ టెస్ట్ చేయించుకోండి.