పాత మిడి కీబోర్డు పలకకపోతే

ప్రశ్న: మా అమ్మాయి కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. సాధనకు పనికొస్తుందని, ఊరు మారుతున్న ఒక ఇంజనీరింగు విద్యార్థి దగ్గర 49 మెట్ల మిడి కీబోర్డు కంట్రోలరు కొన్నాను. పెట్టె లేదు, వివరాల పుస్తకం లేదు. విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే దీపాలు వెలుగుతున్నాయి గానీ ధ్వని రావడం లేదు. ఒకసారి ఏదో సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడు వచ్చింది, అదీ మెట్టు నొక్కిన కాసేపటికి బ్లూటూత్ స్పీకరులో వినిపించింది. రెండు మెట్లు ఎంత మెల్లగా నొక్కినా పెద్దగానే మోగాయి. చెడిపోయిన వస్తువును నాకు అంటగట్టారంటారా?
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు చెప్పిన మూడింటిలో మొదటి రెండూ కీబోర్డు లోపాలు కావు. మూడోది లోపమే, కాకపోతే చాలా సందర్భాల్లో ఇంట్లోనే సరిచేసుకోదగినది.

హార్మోనియంలో ఉన్నట్టు దీనిలో తిత్తి, రీడ్లు ఉండవు. మామూలు ఎలక్ట్రానిక్ కీబోర్డులో ఉన్నట్టు స్పీకరూ ఉండదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారాన్ని మాత్రమే అది అంకెల రూపంలో పంపుతుంది. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోవడానికి 1983లో అమల్లోకి వచ్చిన ఆ అంకెల భాషనే మిడి అంటారు. అందులో మధ్య సి మెట్టు సంఖ్య 60, నొక్కిన వేగానికి గరిష్ఠం 127. స్వరలిపి రాసిన కాగితం తనంతట తాను పాడనట్టే ఈ అంకెలూ మోగవు. వాటిని అందుకుని పలికే సాఫ్ట్‌వేర్ వాద్యం ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉండాలి.

అందువల్ల ముందు చెవితో కాక కంటితో పరీక్షించండి. 60 రోజులు ఉచితంగా పరీక్షించుకోవడానికి వీలున్న రీపర్ వంటి సంగీతం రికార్డు చేసే ప్రోగ్రాములో సెట్టింగులకు వెళ్లి మీ కీబోర్డును మిడి ఇన్‌పుట్‌గా ఎంచుకుని, ఒక ట్రాకును రికార్డుకు సిద్ధం చేసి మెట్టు నొక్కితే, పక్కనున్న మీటరు కదలాలి. కదిలితే కీబోర్డు బతికే ఉన్నట్టు; ఇక ఆ ట్రాకుకు ఒక వాద్యాన్ని జోడించడమే మిగిలిన పని. కదలకపోతే చాలామంది ఇళ్లలో దొరికే దోషి యూఎస్‌బీ కేబులే, ఎందుకంటే ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు దీపాలు వెలిగిస్తాయి గానీ సమాచారాన్ని మోయవు. మీకు ఒకసారి ధ్వని వచ్చింది కాబట్టి, అదే కేబులు వాడుతున్నట్టయితే, దాన్ని అనుమానించనక్కరలేదు. విండోస్ 10లో సాధారణంగా ఒక ప్రోగ్రాము పట్టుకున్న మిడి కీబోర్డు ఇంకొకదానికి అందదు కనుక, మిగిలినవన్నీ మూసి చూడండి. పాత యజమాని ఆక్టేవు బటనుతో స్థాయిని బాగా పైకో కిందికో జరిపి వదిలేసినా, ఎంచుకున్న వాద్యానికి ఆ స్వరాలు లేక మౌనమే మిగులుతుంది. మోడలు పేరుతో తయారీదారు వెబ్‌సైటులో పుస్తకం వెతికి, ఫ్యాక్టరీ రీసెట్ చేయడం మంచిది.

ఆలస్యం సంగతికి వస్తే, దానికి పెద్ద కారణం మీ బ్లూటూత్ స్పీకరే. వాయించేటప్పుడు తీగ ఉన్న హెడ్‌ఫోనునే వాడండి. ఆపైన మిగిలే ఆలస్యం ల్యాప్‌టాప్ ధ్వనిని విడతలు విడతలుగా పోగుచేసి పంపడం వల్ల వస్తుంది. ధ్వనిని సెకనుకు 44,100 నమూనాలుగా (చిన్న చిన్న అంకెల తునకలుగా) కొలిచే లెక్కన, విడతకు 1,024 నమూనాలైతే దాదాపు 23 మిల్లీసెకన్లు, 256 అయితే 6 మిల్లీసెకన్ల లోపు పడుతుంది. ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవరు వేసుకుని విడతను 256కు తగ్గించండి. చిటపటలు వినిపిస్తే కాస్త పెంచండి. ఇందుకోసం వెంటనే ఖరీదైన సౌండు కార్డు కొనమని నేను చెప్పను.

ఇక ఆ రెండు మెట్లు. ప్రతి మెట్టు కింద రబ్బరులో రెండు కార్బన్ బిళ్లలుంటాయి. మెట్టు దిగుతుంటే అవి ఒకదాని తర్వాత ఒకటి సర్క్యూటు బోర్డుకు తగులుతాయి. ఆ రెంటి మధ్య వ్యవధిని బట్టే యంత్రం వేగాన్ని లెక్కిస్తుంది. మొదటి బిళ్ల దగ్గర దుమ్మో చెమ్మో చేరితే అది ఆలస్యంగా తగిలి, వ్యవధి తగ్గి, మీరు గట్టిగా కొట్టారని యంత్రం పొరబడుతుంది. కేబులు తీసేసి, ఏ మరలు ఎక్కడివో ఫోటోలు తీసుకుంటూ విప్పి, దూదిపుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది బిళ్లలనూ, అవి తగిలే చోట్లనూ తేలికగా తుడవండి. నీళ్లు, గరుకు కాగితం వాడవద్దు. పూర్తిగా ఆరిన తర్వాతే బిగించండి. పని కానప్పుడు మీద కప్పడానికి పాత నూలు చీర ముక్క చాలు. ప్లాస్టిక్ కప్పితే మన ప్రాంతపు చెమ్మ లోపలే నిలిచిపోతుంది.

ప్రశ్న: మా పాప శ్రుతి ఐదున్నర. ఆ శ్రుతిలో నల్ల మెట్లతో తికమక పడుతోంది. ట్రాన్స్‌పోజ్ బటను వాడవచ్చా? గమకాలు పలుకుతాయా?
- ఒక పాఠకురాలు, సూర్యారావుపేట, విజయవాడ

జవాబు: నిరభ్యంతరంగా వాడవచ్చు. ఒకటి శ్రుతి అంటే సి, ఐదున్నర అంటే జి షార్ప్ కాబట్టి, ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ 4కు పెడితే పాప సి నొక్కినా ఐదున్నర షడ్జమమే పలుకుతుంది. అప్పుడు మాయామాళవగౌళ సి, సి షార్ప్, ఇ, ఎఫ్, జి, జి షార్ప్, బి మెట్ల మీద కుదురుతుంది.

గమకాలకు ఎడమవైపు ఉండే పిచ్ చక్రం ఉంది. చాలా సాఫ్ట్‌వేర్ వాద్యాల్లో అది పైకీ కిందికీ రెండేసి స్వరస్థానాల మేర జారుతుంది. జారుడుకు అది ఫర్వాలేదు గానీ, తోడి రాగంలో గాంధారం ఊగే తీరును దాని మీద నేర్చుకోమని నేననను. అది గురువుగారి గొంతులోంచి రావలసిందే. మరొక సంగతి, కీబోర్డులోని అంతర గాంధారం తంబురాతో కలిసే శుద్ధమైన గాంధారం కన్నా స్వరస్థానంలో దాదాపు ఏడో వంతు హెచ్చుగా ఉంటుంది. కాబట్టి వరుసలు గుర్తుపట్టడానికి మెట్లు నొక్కించండి, పాడేటప్పుడు మాత్రం కీబోర్డు ఆపి తంబురా పెట్టండి.