మైకులో చెప్పిన మాట

బొబ్బిలి,
ఆదివారం రాత్రి

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

నిన్న పొద్దున మీ అమ్మ ఫోను చేసి ముప్పావు గంట మాట్లాడింది. అందులో అరగంట ఏడుపే. నువ్వూ, నీ బృందంలో మరో ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారనీ, ఇకమీదట రాక్ పాటలు మానేసి క్రైస్తవ బ్యాండు పెడుతున్నారనీ, మొదటి కార్యక్రమం విజయనగరంలోనే అనీ చెప్పింది. "అన్నయ్యా, నువ్వు వెళ్ళిన దారినే వీడూ పోయాడు" అని చివరికి నేరం నా మీద వేసింది. 1987లో నేను ఆ దారి పట్టినప్పుడు దానికి పన్నెండేళ్ళు. మీ తాతయ్య నన్ను ఇంట్లోకి రానివ్వని నెల రోజులూ వీధి అరుగు మీదికి కంచం తెచ్చి పెట్టింది అదే. అలాంటిదానికి నేను ఏం సర్దిచెప్పను? "పోనీలేవే, వాడు తాగి తిరగడం లేదు కదా" అన్నాను. ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఫోను పెట్టేశాక అటక మీద నుంచి నా పాత గిటారు దింపాను. తీగలు నాలుగే మిగిలాయి. వాటినే శ్రుతి చేసి కాసేపు వాయించాను. మీ అత్తయ్య వంటింట్లోంచి తొంగి చూసి, నవ్వి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. కాబట్టి నాకు సంతోషం లేదని అనుకోకు. భయం కూడా ఉంది. ఆ రెండూ కలిసే ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

ముందు చిన్న సంగతులు. ఉద్యోగం మానకు. కానుకల డబ్బుకు రసీదు పుస్తకం పెట్టు, లెక్క రాసే మనిషి నువ్వు కాకుండా చూసుకో. ఆరుబయట కార్యక్రమమైతే పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా అనుమతి తీసుకో. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకరు మోగకూడదు. పది కొట్టగానే ఆపెయ్, పక్కింటి ముసలివాళ్ళ నిద్ర చెడగొట్టి చెప్పే సువార్త ఎవరి చెవికీ ఎక్కదు.

సినిమా బాణీకి యేసు మాటలు అతికించే పని పెట్టుకోకు. మా కాలంలో అందరం అదే చేశాం. బాణీ ఎత్తుకోగానే వెనక వరుస కుర్రాళ్ళకు హీరోయిన్ గుర్తొచ్చేది, ముందు వరుస పెద్దలు మొహాలు చిట్లించేవారు. పైగా ఆ బాణీకి కట్టినవాడు ఒకడున్నాడు, హక్కుదారు ఉన్నాడు. అయినా మనకు బాణీల కరువేమిటి? పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలోనే క్రీస్తు మీద తెలుగులో కీర్తనలు కట్టారు. ఆయనా మతం మారినవారే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడు, పాట నెత్తిన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి. చర్చిలో వాటి వైపు ఎవరూ చూడరు. నీ గిటారుతో ఒకసారి నువ్వు చూడు.

డ్రమ్ములు సాతాను వాద్యాలని చెప్పే పెద్దలు నీకూ ఎదురవుతారు. వాళ్ళతో వాదించకు. లోలోపల మాత్రం ఇది గుర్తుపెట్టుకో. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. 1936లో ఆ కుర్చీలోకి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో ఉన్నది వయొలిన్. సముద్రం దాటి వచ్చిన పెట్టె అది. ఆయన వాయిస్తుంటే దాని పుట్టిల్లు ఎక్కడని ఎవరైనా అడిగారా?

ఇక కరెంటు. నవ్వకు. మన ఊళ్ళలో మైకుసెట్టు కుర్రాళ్ళు మూడు పిన్నుల ప్లగ్గు రెండు కన్నాల బోర్డులో పట్టడం లేదని పెద్ద పిన్నును కటింగ్ ప్లయరుతో విరిచేస్తారు. ఎర్తు అక్కడితో పోయింది. గిటారు ఆంప్లిఫైయరు ఒక లైను మీద, మైకు మరో లైను మీద ఉంటే, వేళ్ళు తీగల మీద ఉంచి పెదవి మైకుకు ఆనించిన క్షణంలో తెలుస్తుంది సంగతి. నాకు 1986లో తెలిసింది. కింది పెదవి లోపల ఇప్పటికీ చిన్న గడ్డలా తగులుతుంది. రెండూ ఒకే బోర్డు మీద, ఎర్తు ఉన్న బోర్డు మీద పెట్టించు. టెస్టరు జేబులో ఉంచుకో, మైకుసెట్టు కుర్రాడి మాట మీద ఊరుకోకు. ప్రార్థన చేసుకున్నాం కదా అనుకోకు. కరెంటుకు అది తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. మీ అమ్మ చివర్లో మామూలు మాటలా ఒకటి చెప్పింది: "డ్రమ్స్ వాయించే అబ్బాయి బాప్తిస్మం తీసుకోలేదట, వాడిని మానిపించి విశ్వాసిని ఎవరినైనా చూస్తారట. పాత జీవితం గురించి సాక్ష్యం కూడా చెబుతారట, బాగా కదిలించేలా రాసుకుంటున్నారట." ఆ మాట విన్న దగ్గర నుంచి నాకు అన్నం సయించలేదు.

నాకూ ఒక తబలా మిత్రుడు ఉండేవాడు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక బట్టల కొట్టు మేడ మీద మా ఆర్కెస్ట్రా సాధన. నేను గిటారు, వాడు తబలా, బాంగో రెండూ. పెళ్ళిళ్ళు, గణపతి పందిళ్ళు, పైడితల్లమ్మ సిరిమాను పండుగ రాత్రులు, ఎక్కడికైనా ఇద్దరం ఒకే సైకిలు మీద. తాగేవాడిని నేను. వాడు చుక్క ముట్టేవాడు కాదు. సోడా తాగితే పొట్ట ఉబ్బుతుందని అది కూడా మానుకున్న మనిషి. నేను ఒళ్ళు తెలియకుండా పడిపోతే సైకిలు క్యారేజీ మీద కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలుతో నన్ను తన నడుముకు కట్టుకుని తొక్కేవాడు. మీ అమ్మమ్మ తలుపు తీసేసరికి ఆ ముడి విప్పి ఉంచేవాడు, ఆమె చూస్తే బాధపడుతుందని.

నేను రక్షణ పొందిన మరుసటి ఏడాది, గజపతినగరం దాటాక ఒక ఊళ్ళో మూడు రాత్రుల ఉజ్జీవ సభలు. మొదటి రాత్రి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. "తాగేవాడిని. మానలేకపోయాను. దేవుడు మాన్పించాడు" అని మూడు ముక్కలు చెప్పి కూర్చున్నాను. ఎవరూ తల ఎత్తలేదు. వాక్యం చెప్పడానికి వచ్చిన పెద్దాయన భోజనాల దగ్గర నా భుజం తట్టి, "తమ్ముడూ, కాస్త వివరంగా చెప్పు, ఆత్మలు కదలాలి" అన్నారు.

రెండో రాత్రి వివరం చేర్చాను. "నా పక్కన కూర్చుని తాళం వేసిన స్నేహితుడే నా చేతికి మొదటి గ్లాసు అందించాడు" అన్నాను. జనం "అయ్యో" అన్నారు. మూడో రాత్రికి ఆ గ్లాసుకు ఒక కొట్టు వచ్చింది, ఆ కొట్టుకు చీకటి వచ్చింది, వాడి నోట నేను కల్పించిన మాటలు వచ్చాయి. ముందు వరుసలో ఒకామె చీరచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. స్తోత్రాలు హోరెత్తాయి. నేను వేదికల మీద పెరిగినవాడిని కదా, ఎక్కడ గమకం వేస్తే జనం ఊగుతారో నా వేళ్ళకు తెలుసు. ఆ రాత్రి నాలుకకు కూడా తెలిసింది.

పేరు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను. సాలూరు నుంచి చీపురుపల్లి దాకా ఏడాది పాటు అదే సాక్ష్యం చెప్పాను. మా ఆర్కెస్ట్రాలో తబలా వాయించేది ఎవరో ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు ఎవరు? వాడికి చీపురుపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల మేనమామ నా సాక్ష్యం విన్నాడు. సంబంధం తప్పిపోయింది.

ఒక రాత్రి వాడు మా ఇంటికి వచ్చాడు. నేను వాడికి కొనిచ్చిన తబలా సుత్తి తీసి అరుగు మీద పెట్టాడు. "నేను నీకు ఎప్పుడు పోశానురా?" అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. నేను ఏమన్నానో తెలుసా? "అది నీ గురించి కాదు, దేవుని మహిమ కోసం చెప్పిన మాట" అన్నాను. వాడు కాసేపు నన్ను చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం గురించి ఒకటి ఉంది. అది కోర్టుకు వెళ్ళేవాళ్ళ కోసమని అప్పటిదాకా అనుకునేవాడిని.

పదకొండేళ్ళ తర్వాత విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో కనిపించాడు. అప్పటికి పెళ్ళయింది, చంకలో పిల్ల. పక్కకు పిలిచి, తల వంచి, క్షమించమన్నాను. వాడు పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని అన్నాడు: "అబద్ధం మైకులో చెప్పావు. క్షమాపణ చెవిలో చెబుతావేమిటిరా?"

ఆ మాట నిజం. అందుకే ఆ ఉజ్జీవ సభలు జరిగిన ఊరికి వెళ్ళాను కూడా. అక్కడి పాస్టరు గారు, "ఇన్నేళ్ళకు ఇప్పుడెందుకు, సాక్ష్యం బలహీనపడుతుంది" అన్నారు. నేను సరేనన్నాను. మొదటి తప్పుకు వయసును చూపించవచ్చు. ఆ సరే అన్నప్పుడు నాకు నలభై దగ్గర పడుతున్నాయి.

నువ్వు వాట్సాప్‌లో పంపిన విదేశీ బ్యాండ్ల వీడియోలన్నీ చూశాను. పసుపు నలుపు చారల బట్టలు వేసుకుని జనంలోకి కొత్త నిబంధనలు విసిరే స్ట్రైపర్ వాళ్ళనూ చూశాను. ఆ పని ఇక్కడ చేయకు, బైబిలును నేల మీద కూడా పెట్టనివ్వని అవ్వలు మనకున్నారు. కాన్సాస్ బ్యాండు నుంచి 1983లో బయటికి వచ్చి ఏడీ అనే బృందం పెట్టిన కెర్రీ లివ్‌గ్రెన్, డేవ్ హోప్‌లే మీకు ఆదర్శమన్నావు. మంచిదే. కార్న్ గిటారిస్టు బ్రయన్ వెల్చ్ 2005లో విశ్వాసం కోసం బ్యాండు వదిలిన సంగతీ రాశావు. 2013లో ఆయన విశ్వాసం వదలకుండానే అదే బ్యాండుకు తిరిగి వెళ్ళిన సంగతి మాత్రం రాయలేదు. తిరిగి వెళ్ళడానికి ఆయనకు తలుపు తెరిచి ఉంది చూశావా!

అన్నిటికన్నా యూటూ అనే ఐర్లండు రాక్ బ్యాండు వాళ్ళ సంగతి చూడు. 1980ల మొదట్లో ఆ నలుగురిలో ముగ్గురు డబ్లిన్‌లో షాలోమ్ అనే ప్రార్థనా బృందంలో ఉండేవారు. నాలుగోవాడు ఆడమ్ క్లేటన్ అందులో లేడు. రాక్ పాటలూ విశ్వాసమూ ఒక ఒరలో ఇమడవేమోనని బ్యాండు మానేద్దామా అన్నంత దూరం వెళ్ళారు. మానలేదు. అతన్నీ వదల్లేదు. ఆ నలుగురే దశాబ్దాల పాటు కలిసి వాయించారు. మీరూ నలుగురే, మీలోనూ ముగ్గురే.

నీ డ్రమ్మర్ నాకు తెలియనివాడు కాదు. నిరుడు విశాఖలో నా కంటి ఆపరేషన్ అప్పుడు నీతో పాటు రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు. పొద్దున్నే ఇడ్లీ పొట్లం తెచ్చి, చట్నీలో కారం ఎక్కువని ముందే నాలుక మీద వేసి చూసి, దాన్ని పక్కన పెట్టాడు. అలాంటివాడిని నువ్వు ఏ మాటతో పొమ్మంటావురా? ఆ మాట నువ్వే చెబుతావా, మెసేజ్ పెడతావా?

వాడిని కూర్చోబెట్టి అడుగు. తాను నమ్మని మాటలకు దరువు వేయడం ఇష్టమో లేదో వాడినే చెప్పనివ్వు. వద్దంటే వాద్యాల డబ్బులో వాడి వాటా లెక్కకట్టి చేతికివ్వు, పాత బ్యాండు పేరు వాడి అనుమతి లేకుండా వాడకు. ఉంటానంటే ఉండనివ్వు. మీ పాస్టరు గారు కాదంటే నా దగ్గరికి పంపు, నేను మాట్లాడతాను. కోపం తెచ్చుకోను, బీపీ మాత్ర వేసుకునే మాట్లాడతాను.

ఇక సాక్ష్యం. నీ తప్పులు నువ్వు చెప్పుకో, ఎన్నయినా చెప్పుకో. అందులోకి మరో మనిషి వచ్చేటట్టయితే కాగితం తీసుకెళ్ళి ముందు ఆ మనిషికి చదివి వినిపించు. చిన్నబుచ్చుకుంటే ఆ వాక్యం కొట్టెయ్. జనం కదలకపోతే కదలకపోనీ, పాట ఉంది కదా.

చివరగా ఒకటి అడుగుతున్నాను, నీ మొదటి కార్యక్రమంలో నాకు రెండు నిమిషాలు మైకు ఇవ్వు. పాటలకు ముందే, జనం లేచి వెళ్ళకముందే. నా తబలా మిత్రుడు విజయనగరంలోనే ఉన్నాడు. నేను పిలిస్తే రాడు, నువ్వు వెళ్ళి పిలువు. నీ డ్రమ్మర్‌ను వెంట తీసుకెళ్ళు, తబలా గురించి రెండు మాటలు అడిగితే లొంగుతాడు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి ప్లాస్టిక్ కుర్చీ కాకుండా చేతులున్న చెక్క కుర్చీ వేయించు. ఎడమ చెవి సరిగా వినపడదు. కుర్చీ వేదికకు ఎడమ పక్కన వేయిస్తే కుడి చెవి మైకు వైపు ఉంటుంది.

ఉంటాను,
మీ మామయ్య