ఆయన చేపలు చూస్తుంటే మీరు ఫోన్లో ఉన్నారు

ప్రశ్న: మాది రాజమండ్రి. మా 35వ పెళ్ళిరోజు శ్రావణంలో వచ్చింది. సియాటెల్‌లో ఉంటున్న మా బాబు, కోడలు మా ఇద్దరికీ అలాస్కా క్రూయిజ్ బుక్ చేశారు. ఏడు రాత్రులు. కెనడా వీసా దగ్గర్నుంచి ఓడలో వైఫై దాకా అన్నీ వాడే చూసుకున్నాడు. ఐదు రోజులు హాయిగా గడిచాయి. ఆరో రోజు కెచికాన్ అనే ఊళ్ళో ఓడ ఆగింది. నేను మనవడితో వీడియో కాల్‌లో ఉండి ఆగమంటే ఆగకుండా మావారు ఒక్కరే దిగి వెళ్ళిపోయారు. వానలో వంతెన మీద నిలబడి రెండు గంటలు చేపల్ని చూశారట! నాకు ఏడుపొచ్చి బాబుకి చెప్పాను. వాడు ఆయనకి ఫోన్ చేసి ‘ఇంత ఖర్చుపెట్టి పంపితే అమ్మని ఏడిపిస్తారా’ అని గట్టిగా అడిగాడు. అప్పట్నుంచి ఈయన మూగనోము పట్టారు. ఆఖరి రోజు కెనడాలోని విక్టోరియాలో అంత పేరున్న తోట కూడా చూపించలేదు. ఆ రాత్రి పెట్టెలు బయట పెట్టాలంటే, తన సూట్‌కేసు తనే సర్దుకున్నారు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. ఇప్పుడు బాబు ఇంట్లోనే ఉన్నాం. తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఆయన చేత బాబుకి సారీ చెప్పించడం ఎలా?

జవాబు: చెప్పించకండమ్మా. ఆ ప్రశ్న అక్కడితో వదిలేయండి. టికెట్టు కొన్నవాడికి తండ్రిని నిలదీసే హక్కు ఆ టికెట్టుతో పాటు రాదు.

విక్టోరియా సంగతి ముందు తేల్చేద్దాం. సియాటెల్ నుంచి వెళ్ళే ఓడలు చాలావరకు అక్కడికి సాయంత్రం చేరి అర్ధరాత్రికల్లా బయల్దేరతాయి. మీరనే బుచార్ట్ తోట రేవుకి 20 కిలోమీటర్ల పైమాటే. అసలు ఓడ అక్కడ ఆగేదే చట్టం కోసం. వేరే దేశపు జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవులు మాత్రమే చుట్టి రాకూడదు, దారిలో పరాయి దేశం రేవు ఒకటి తాకాలి. 1886 నాటి చట్టం అది. దాన్ని కూడా మీ వారి ఖాతాలో రాయకండి.

ఇక కెచికాన్. ఆగమంటే ఆగలేదు అని రాశారు. ఆగమన్నారంటే, ఆయన రమ్మని పిలిచారన్నమాట. మీరు ఎంతసేపు ఆగమన్నారో మాత్రం రాయలేదు. మూడేళ్ళ మనవడో నాలుగేళ్ళ మనవడో, నాలుగు రోజులాగితే ఒళ్ళోకి వచ్చి కూర్చునేవాడు. ఓడేమో ఆ ఊళ్ళో కొన్ని గంటలే ఉంటుంది. వాన తగ్గాక వెళ్దామనుకోవడానికీ లేదు, ఏడాదికి 3.5 మీటర్లకు పైగా కురిసే చోటు అది.

ఆయన రాజమండ్రి మనిషి. శ్రావణమాసం. ఇంటి దగ్గరుంటే గోదావరికి ఎర్రనీళ్ళు ఎప్పుడొస్తాయా, పులస ఎప్పుడు పడుతుందా అని రోజూ వాకబు చేసే రోజులు. అలాంటి మనిషికి ఊరి మధ్య ఏట్లో సాల్మన్ చేపలు సముద్రం వదిలి, నీటికి ఎదురెక్కుతూ కనబడితే కాళ్ళు కదులుతాయా? ఐదు రోజులుగా చూసిన మంచుకొండలు అందరివీ. ఆ వంతెన కింద ఉన్నది మాత్రం ఆయన సొంత ఊరు. పక్కన మీరుంటే ‘చూశావా, అచ్చం మన పులసే’ అనేవారు. అనడానికి మనిషి లేదు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. పుస్తె కట్టించుకున్నావిడ ఫోన్లో ఉంది!

ఉత్తరం నిండా మీ వారే ఉన్నారు గానీ, నాకు కనబడింది మీరూ మీ అబ్బాయీ. ఇది ఓడలో మొదలైన అలవాటు కాదని నా అనుమానం. వాడు బళ్ళో చదివే రోజుల నుంచీ ‘మీ నాన్నకి చెప్పరా’, ‘మీ నాన్న ఏమన్నాడో విన్నావా’ అంటూ సాగి ఉంటుంది. ఈ జబ్బు నాకూ ఉండేది. ‘అన్నం వడ్డించాను, మీ నాన్నని తినమను’ అని మా అమ్మాయి చేత కబురు పంపేదాన్ని, ఆయన మూడడుగుల దూరంలో ఉండగానే. ఒకరోజు అది పుస్తకం మూసేసి ‘నేను పోస్టుమ్యాన్‌నా?’ అంది. ఒళ్ళు మండింది గానీ ఆ రోజుతో మానుకున్నాను. మీ అబ్బాయి అలా అనలేదు. ఆ ఉద్యోగం వాడికి నచ్చింది. ఇప్పుడు ప్రమోషన్ తీసుకుని జడ్జి అయ్యాడు.

మీ వారేం తక్కువ తినలేదు. రెండు రోజులు పంతం పట్టి కూర్చోవడం ఆ వయసులో శోభనివ్వదు. కానీ ఆయన వైపు నుంచి ఒక్కసారి చూడండి. పెళ్ళిరోజు యాత్రలో పెళ్ళాం కష్టం తన చెవిన పడేముందు సముద్రం దాటి సియాటెల్ వెళ్ళి, అక్కడి నుంచి తిట్టై తిరిగొచ్చింది. నాకైతే ఇందులో చేపల కంటే పెద్ద అవమానం ఇదే అనిపిస్తోంది.

సూట్‌కేసు సర్దుకోవడం మీకు గుచ్చుకుంది. గుచ్చుకోవలసిందే. ఆఖరి రాత్రి పెట్టెలన్నీ తలుపు బయట పెట్టేస్తే మళ్ళీ కనబడేది పొద్దున్న రేవులోనే. మాత్రలూ మర్నాటి బట్టలూ పాస్‌పోర్టూ చేతిసంచిలో ఉంచుకోవాలి. ఆయన మాత్రలు ఏ పెట్టెలో వెళ్ళాయో మీరు అడిగారా? లేక అది కూడా బాబుకే మెసేజ్ పెట్టారా?

ఇవాళే అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పండి. ‘నాన్న మీద నీకు చెప్పడం నా తప్పు. ఆయన్ని అలా అడగడం నీ తప్పు. మా ఇద్దరి సంగతి మేం చూసుకుంటాం’ అని. కోడలు వింటుందని గొంతు తగ్గించకండి. విననివ్వండి, ఆ అమ్మాయీ ఒక కొడుకుని పెంచుతోంది. తర్వాత వాడు తండ్రితో మాట్లాడతాడా, ఎప్పుడు మాట్లాడతాడు అన్నది వాళ్ళిద్దరి పని. మధ్యలో కాఫీ కప్పు పట్టుకుని మనవణ్ణి రాయబారం పంపకండి.

మీ వారితో పెద్ద సంభాషణలు వద్దు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. సియాటెల్‌లోనే బాలర్డ్ లాక్స్ అని ఒక చోటుంది. 1917లో మొదలైంది. పడవల్ని ఉప్పునీటి నుంచి మంచినీటి చెరువుల్లోకి ఎక్కించే తలుపులు. పక్కనే చేపలు ఎక్కడానికి మెట్లు కట్టి, మనం చూడ్డానికి అద్దాల కిటికీలు పెట్టారు. సెప్టెంబరులోనూ సాల్మన్ కనబడతాయి. టికెట్టు లేదు, కాబట్టి ఎవరి రుణమూ ఉండదు. అబ్బాయి కారులో దింపుతానంటే వద్దనండి. బస్సు మారాల్సొస్తే మారండి, దారి తప్పితే ఇద్దరూ కలిసి తప్పండి. ఆ కిటికీ ముందు నిలబడి, కెచికాన్‌లో వంతెన మీద రెండు గంటలు ఏం చూశారో ఆయన్నే అడగండి. ఆయన చెబుతున్నప్పుడు ఫోను మోగుతుంది. ఎవరిదో నాకు తెలుసు. తియ్యకండి.