చెన్నైలో పురోహితుడు లేకుండా, సొంతంగా రాసుకున్న ప్రమాణాలతో పెళ్లి చేసుకుంటే చెల్లుతుందా?

చెల్లుతుంది, వధూవరులిద్దరూ హిందువులై, ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని ఆ ప్రమాణాల్లో స్పష్టంగా చెబితే చాలు.

హిందూ వివాహ చట్టానికి తమిళనాడు 1967లో చేసిన సవరణతో 7ఏ సెక్షన్ వచ్చింది. పురోహితుడు లేకుండా జరుపుకునే ఆత్మగౌరవ వివాహాలకు చట్టబద్ధత ఇచ్చింది ఇదే. బంధువులో స్నేహితులో ఎదురుగా ఉండగా, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో ఆ మాట చెప్పినా, దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా పెళ్లి అయినట్టే. అంటే సంస్కృతమే అక్కర్లేదు, తెలుగులో నిశ్చింతగా చెప్పుకోవచ్చు.

ఉదాహరణకు, 'నిన్ను నా భర్తగా స్వీకరిస్తున్నాను. ఉద్యోగం కోసం ఊరు మారాల్సొస్తే ఇద్దరం కలిసే నిర్ణయించుకుందాం.' రెండో వాక్యం పూర్తిగా మీ ఇష్టం, మనసులో ఉన్నదంతా రాసుకోండి. మొదటిదాన్ని మాత్రం కవిత్వంలో కలిపేయకండి, చట్టం చూసేది దాన్నే.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టే పెళ్లి అని చాలామంది అనుకుంటారు. హిందూ వివాహ చట్టం కింద అది జరిగిన పెళ్లికి రుజువు మాత్రమే. ఏ తంతూ లేకుండా కాగితం ఒక్కటే తెచ్చుకుంటే చెల్లదు.

పెళ్లి బెంగళూరులో పెట్టుకుంటే 7ఏ వర్తించదు. అక్కడ ఇరువైపుల్లో ఒకరి ఆచారం ప్రకారమైనా తంతు జరగాలి, మీ ప్రమాణాలు దానికి అదనం.