40 మందితో బీచ్‌కి వెళ్లే ముందు

విశాఖపట్నం

అమ్మలూ,

ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్‌కి నిన్ను లీడర్‌ని చేశారని, సెప్టెంబర్ మూడో శనివారం 40 మందితో బీచ్ శుభ్రం చేయించాలని రాశావు. లీడరంటే అసలేం చెయ్యాలని అడిగావు కదా. ఎవరెక్కడున్నారో, ఎవరి చేతిలో ఏ పనుందో ఏ నిమిషంలో అడిగినా చెప్పగలగాలి. బేనర్ ఎవరైనా పట్టుకుంటారు.

వారం ముందు ఒకసారి, వాన పడ్డ మర్నాడు ఇంకోసారి ఆ చోటు నడిచి చూసి రా. ఊళ్లో చెత్తంతా గెడ్డలు, అంటే వాగులు, మోసుకొచ్చి, సముద్రంలో కలిసేచోట పడేస్తాయి. అలాంటి చోటు ఒక్కటి తీసుకో, అర కిలోమీటరు మించొద్దు. ఎక్కువ పెట్టుకుంటే పైకి కనబడే సీసాలేరుకుంటూ పోతారు, ఇసుకలో సగం కూరుకుపోయిన కవర్లు అలాగే ఉండిపోతాయి. రోజూ అక్కడ ఊడ్చే అక్కల్ని అడుగు. ఏ మూల ఎప్పుడు చెత్త చేరుతుందో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) జోనల్ ఆఫీసుకి పది రోజుల ముందే, మీ ప్రోగ్రాం ఆఫీసర్ సంతకంతో లెటర్ ఇవ్వండి. చెత్తబండి ఎన్నింటికి, ఎక్కడికి రావాలో అందులోనే రాయించు. ఎక్కువ కార్యక్రమాలు దెబ్బతినేది ఇక్కడే. బండి రాకపోతే కట్టిన సంచులు రోడ్డు పక్కనే ఉండిపోతాయి. రాత్రికి కుక్కలు, ఆవులు చింపేస్తాయి. తెల్లారేసరికి గాలికి అంతా మళ్లీ ఇసుక మీదకే చేరుతుంది.

గ్లోవ్స్ 50 జతలు కొను, రబ్బరు పూత ఉన్న నూలువి. పల్చటి ప్లాస్టిక్‌వి గాజుపెంకు తగిలితే చిరిగి, అవే చెత్తయిపోతాయి. గోనెసంచులు 40, పట్టకార్లు 6, గట్టి మూత ఉన్న డబ్బాలు 2. గాజుపెంకులు, సిరంజిలు పట్టకారుతో తీసి ఆ డబ్బాల్లోనే వెయ్యాలి. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 2, ఓఆర్‌ఎస్, దూది, కట్టుగుడ్డ కూడా ఉంచు. సంచి మూడింట రెండొంతులే నింపమను. తడి ఇసుక కలిసిన నిండు సంచిని ఇద్దరు పట్టుకుని మెట్లెక్కలేరు, కుట్టు తెగి చెత్తంతా దారి పొడుగునా పడిపోతుంది.

పేర్లిచ్చిన 40 మందీ వస్తారనుకోకు. 30 మందికి సరిపడా 6 జట్లు వేసుకో, ఇంకా వస్తే మరో రెండు. జట్టుకి ముగ్గురు ఏరడానికి, ఒకరు సంచికి, ఒకరు లెక్కకి. సీసాలు, కవర్లు, టీ కప్పులు, చెప్పులు, వల ముక్కలు విడివిడిగా రాయాలి. ఫలానా కొట్ల ముందు కప్పులే ఎక్కువని కాగితం మీద ఉంటే, అక్కడ డస్ట్‌బిన్ పెట్టమని అడగడానికి నీ దగ్గర ఆధారం ఉంటుంది.

కొత్తగా లీడరైనవాళ్లు ఉత్సాహం కొద్దీ తామే సంచి పట్టుకుని దూరంగా వెళ్లిపోతారు. వెనక 30 మంది ఏం చేస్తున్నారో చూసేవాళ్లుండరు. మొదటి పది నిమిషాలు అందరితో కలిసి ఏరు. తర్వాత నీ పని జట్ల మధ్య తిరగడమే. ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ కుర్రాడికి లెక్క పుస్తకం ఇవ్వు. అందరి ముందూ అరిస్తే ఆ పూట చేస్తాడు గానీ, ఇంకోసారి రాడు. తప్పు చెప్పాలంటే పక్కకి పిలిచి చెప్పు, మెచ్చుకోవాలంటే పేరు పెట్టి అందరిలో మెచ్చుకో.

నీళ్లలోకి ఎవరూ దిగకూడదు, పాదాలు తడుపుకోవడానికి కూడా. ఆర్కే బీచ్‌లో కెరటం వెనక్కి లాగే జోరుకి ఈత వచ్చినవాళ్లే తట్టుకోలేరు. అలల్లో సీసా తేలుతుంటే వదిలెయ్యండి. విజిల్స్‌తో ఇద్దర్ని సముద్రం వైపు చూస్తూ నిలబెట్టు. వాళ్లకి వేరే పని చెప్పకు.

మత్స్యకారులుండే పెద్దజాలరిపేట వైపు ఇసుక మీద వల కనిపిస్తే, ముందు ఊళ్లో అడగండి. ఆరేసినదో, బాగుచేసుకోవాల్సినదో అయ్యుంటుంది. ఇసుకలో కూరుకున్న పాత వలని లాగితే చేతులు కోసుకుంటాయి, కత్తితో ముక్కలు చేసి తియ్యాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎప్పుడైనా వెళ్తే ఇసుక తవ్వకండి, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అది.

6 గంటలకి మొదలెట్టి 8కి ఆపెయ్. మొదట్లో, మధ్యలో, చివర్లో పేర్లు పిలిచి లెక్క చూడు. గంటలు అక్కడే రాసెయ్. ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్‌కి రెండేళ్లలో 240 గంటల సేవ కావాలి కాబట్టి, రానివాళ్ల పేరు రాయమని నీ స్నేహితులే అడుగుతారు. రాయకు తల్లీ. ఎండలో వంగి ఏరినవాళ్లు చూస్తూనే ఉంటారు.

ఒక జూనియర్ని మొదటి నుంచీ పక్కన ఉంచుకో. చెత్తబండి డ్రైవర్‌కి శుక్రవారం సాయంత్రం ఒకసారి, శనివారం ఐదున్నరకి మళ్లీ ఒకసారి ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు జూనియర్ దగ్గర కూడా ఉండాలి.

ఆశీస్సులతో,
మావయ్య